నలభై దాటినాక సైకిల్ కొనాలంటే: అనంతపురం ఎండకు, గాలికి, పల్లేరు ముళ్లకు నిలిచేది ఏది?

అనంతపురంలో ఏ సైకిల్ అంగట్లోకైనా పోయి "పెద్దోళ్లు తొక్కేది ఒకటి చూపించన్నా" అని అడగండి. ముందు వరసలో నిలబెట్టినవే బయటికి లాగుతారు. లావు టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగు, సీటు కింద చట్రంలో ఇంకో స్ప్రింగు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు. చూపుకు మోటార్ సైకిల్ మాదిరి ఉంటుంది, ధర తొమ్మిది పది వేలు. కుర్రోళ్లు ఎగబడి కొంటారు కాబట్టి అంగడివాళ్లు అవే ఎక్కువ తెప్పిస్తారు. నాలుగేండ్ల కిందట నేనూ అదే కొన్నాను. అప్పటికి నాకు నలభై మూడు. షుగరు అంచుకొచ్చింది, నడిస్తే మడమ నొస్తుంది, సైకిల్ తొక్కమని డాక్టరు చెప్పాడు.

మూడు నెలలు తొక్కాను. పెడలు మీద కాలు బలంగా వేసిన ప్రతిసారీ సీటు కిందికి కుంగి పైకి లేస్తుంది. నా బలం సగం చక్రానికి పోతే సగం ఆ స్ప్రింగును ఒత్తడానికే పోయేది. ఇంటి ముందు మూడు మెట్లెక్కించాలంటే రొప్పు వచ్చేది, ఎందుకంటే ఆ సైకిల్ బరువు నిండు గ్యాస్ సిలిండర్లో సగానికి పైనే. ముందుకు బాగా వంగి పట్టుకోవాల్సి రావడంతో మెడ పట్టేసేది. నాలుగో నెలకల్లా డిస్కు ఒక పక్కకు రాసుకుంటూ సర్‌మని మోగడం మొదలైంది. వారం వారం బాగుచేయించినా మళ్లీ అదే మోత. కొన్న అంగట్లో అడిగితే "కొత్తలో అట్లనే ఉంటది సార్" అన్నారు. చివరికి దాన్ని ఊర్లో అక్క కొడుక్కి ఇచ్చేశాను. వాడికి పదహారేండ్లు, వాడికి బాగానే ఉంది.

ఆ తర్వాత ఒక ఏడాది కొనకుండా అందరివీ అడిగి తొక్కాను. మా నాయన వాడిన పాత డబుల్ బార్ సైకిల్, ఆఫీసులో ఒక స్నేహితుడి హైబ్రిడ్ (పెద్ద, సన్న చక్రాల తేలిక సైకిల్), మా వదిన లేడీస్ సైకిల్. వీటి మీద ఇదే ఊర్లో, ఇవే రోడ్ల మీద తిరిగి తేల్చుకున్నది రాస్తున్నాను. పందేలకు పోయేవాళ్లకూ, వందల కిలోమీటర్లు తొక్కేవాళ్లకూ ఇది పనికిరాదు. కాలేజీ రోజుల తర్వాత సైకిల్ ముట్టని మనిషి పొద్దున అయిదారు కిలోమీటర్లు తొక్కి, సాయంత్రం కూరగాయలకు పోయిరావాలనుకుంటే, అలాంటివాళ్ల కోసం రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. అలాంటి మనిషికి స్ప్రింగు ఫోర్కు లేని, హ్యాండిల్ ఎత్తుగా ఉండే, టైరు వెడల్పుగా నున్నగా ఉండే 26 అంగుళాల మామూలు సైకిల్ మేలు. రోజూ పది పదిహేను కిలోమీటర్లు పోయే పట్టుదల ఉంటే ఏడు గేర్ల హైబ్రిడ్ మేలు. ఈ రెంటికీ బయట కొనడానికి గట్టి కారణం ఉండాలి.

ఈ నేల ఏమడుగుతుంది

సైకిల్ గురించి చదివేవన్నీ వాన ఎక్కువ పడే చోట్లనో, కొండలున్న చోట్లనో మనసులో పెట్టుకొని రాసినవి. మన జిల్లాలో ఏడాదికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. అందులోనూ పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు చుట్టూ పడిపోతుంది. డిస్కు బ్రేకు అసలు గొప్పతనం తడిలో పట్టుకోవడం. ఏడాదిలో తడి రోడ్డు మీద సైకిల్ తొక్కే రోజులు మనకెన్ని? మామూలు రిమ్ము బ్రేకు, అంటే రబ్బరు కట్టలు రిమ్మును పట్టుకునేది, మనకు చాలు. రబ్బర్లు అరిగితే వీధి చివరి మెకానిక్కు ఒక్క స్పానరుతో పది నిమిషాల్లో మారుస్తాడు. చవక డిస్కు పళ్లెం కొంచెం వంగినా దాన్ని సరిచేయడం అందరి చేతా కాదు. నిజంగా మంచి డిస్కు ఉండే సైకిల్ మన బడ్జెట్టులో రాదు.

రెండోది ముళ్లు. ఇది ఎంత చెప్పినా తక్కువే. సర్కారు తుమ్మ ముల్లు ఒక రకం, పొడుగ్గా గట్టిగా ఉంటుంది, దిగితే వెంటనే గాలి పోతుంది, కనీసం తెలిసిపోతుంది. అసలు బాధ పల్లేరు కాయతో. బుక్కరాయసముద్రం చెరువు వైపు పోయి, ఫోటో తీసుకుందామని సైకిల్ను రోడ్డు దించి మట్టిలో పెట్టానొకసారి. తిరిగి వచ్చేటప్పుడు ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున చూస్తే రెండు చక్రాలూ నేలకంటుకొని ఉన్నాయి. పాతూరులో నేను పోయే పంచరు అంగడి తాత ట్యూబు నీళ్ల తట్టలో ముంచి తిప్పుతుంటే ఒక్క ముందు చక్రానికే నాలుగు చోట్ల సన్నగా బుడగలు లేచాయి. ఆయన అతుకులేసి ఊరుకోలేదు. టైరును లోపలివైపు తిప్పి, బొటనవేలి మెత్తటి భాగంతో అంగుళం అంగుళం తడుముకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, గోటి మొన మాత్రమే ఉన్న ముక్కను పట్టుకారుతో లాగి నా అరచేతిలో పెట్టాడు. "ఇది యిడిసిపెడితే ఎన్నిసార్లు అతికినా మళ్లీ దిగుతాది నాయనా" అన్నాడు. టైరు లోపల తడిమి చూడకుండా అతుకేసి ఇచ్చేవాడి దగ్గరికి రెండోసారి పోవద్దు.

ముళ్లకు రెండు విరుగుళ్లు ఉన్నాయి. పాతది, తాత చెప్పింది: పాత ట్యూబును నిలువునా కోసి, టైరుకూ కొత్త ట్యూబుకూ మధ్య పట్టీలాగా పరచడం. కొంచెం బరువు పెరుగుతుంది, తొక్కుడు కాస్త మొద్దుబారుతుంది, కానీ పల్లేరు మొన ట్యూబు దాకా పోదు. కొత్తది, ట్యూబులోకి పోసే సీలెంటు ద్రవం, చిన్న రంధ్రాలను లోపలి నుంచే మూసేస్తుంది. ట్యూబుకు మోటార్ సైకిల్ మాదిరి వాల్వు ఉంటే ఇది పోయడం సులువు. దాని లోపలి పిన్ను తీయడానికి వస్తుంది. 

కాబట్టి కొనేటప్పుడు వాల్వు ఏదో వంగి చూడండి. మోటార్ సైకిల్ వాల్వయితే ఏ పంచరు అంగట్లోనైనా, పెట్రోలు బంకులోనైనా గాలి దొరుకుతుంది. బంకులో మాత్రం కొంచెం కొంచెంగా కొట్టించాలి. సైకిల్ ట్యూబులో పట్టే గాలి చాలా తక్కువ, రెప్పపాటులో ఎక్కువైపోతుంది. కొన్ని ఖరీదైన సైకిళ్లకు సన్నగా, కొనకు చిన్న మర ఉండే వాల్వు వస్తుంది, ప్రెస్టా అంటారు. దాని పంపు వీధి అంగళ్లలో దొరకడం కష్టం. అది ఉంటే ఇంట్లో సొంత పంపు తప్పనిసరి.

మూడోది గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి వీస్తుంటే కళ్యాణదుర్గం రోడ్డులో ఎదురు తొక్కడం ఎక్కుడు ఎక్కినట్టే ఉంటుంది. ఊరు చాలావరకు చదును, ఫ్లైఓవర్లు, వంతెనలు తప్ప పెద్ద ఎక్కుళ్లు లేవు. అందుకే అందరూ "చదును ఊరికి గేర్లెందుకు" అంటారు. మనకు గేర్లు పనికొచ్చేది ఆ ఆషాఢపు గాలికి.

నాలుగు రకాలు, నాలుగు రకాల మనుషులు

మొదట మా నాయన సైకిల్. నల్ల రంగు, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, స్ప్రింగు సీటు, నిండు చైన్ కవరు, వెనక పెద్ద క్యారియరు, రెండు కాళ్ల స్టాండు. పాలవాళ్లూ, పేపరువాళ్లూ తరాలుగా తొక్కింది ఇదే. హీరో, అట్లాస్, ఏవన్, హెర్క్యులెస్ పేర్లతో పల్లె పల్లెకూ పోయింది. లూధియానాలో హీరో 1956లో మొదలైంది. అట్లాస్ 1951లో సోనీపత్‌లో మొదలై, సాహిబాబాద్‌లో మిగిలిన ఫ్యాక్టరీ 2020 జూన్‌లో ఆగిపోయింది. ఈ రకానికి సంప్రదాయంగా ముందు చక్రానికి 32 పుల్లలు (స్పోకులు), వెనక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. బరువు వెనక పడుతుందని తెలిసి కట్టిన సైకిల్ అది. ధర అయిదున్నర నుంచి ఏడున్నర వేల మధ్య. నిటారుగా కూర్చుంటాం, నడుము మీద భారం లేదు. పెద్ద చక్రం చిన్న గుంతలను లెక్కచేయదు.

మరి ఎందుకు ఇదే కొనమనడం లేదు? బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది. ఇంటి మెట్లెక్కించలేరు. కాలు ఎత్తి బారు మీదుగా వేయాలి, యాభై దాటిన మోకాలికి ప్రతిసారీ అది పరీక్షే. పొట్టివాళ్లకు బారు తగులుతుంది. కడ్డీ బ్రేకు ఆపుతుంది కానీ ఆలోచించుకొని ఆపుతుంది. సప్తగిరి సర్కిల్‌లో ఆటో అడ్డమొస్తే ఆలోచించే వ్యవధి ఉండదు. బియ్యం మూట, దాణా బస్తా, గ్యాస్ సిలిండరు వేసుకొని తిరిగే పని నిజంగా ఉన్నవాళ్లకు మాత్రం దీన్ని మించింది ఇప్పటికీ లేదు. పొడుగు మనిషి, ఇల్లు కింది అంతస్తు, అలాంటివారికి కూడా నిరభ్యంతరంగా చెబుతాను.

రెండోది స్ప్రింగులదే, నేను కొన్నది. దీని గురించి ఒక్క విషయం అర్థమైతే చాలు. చవక స్ప్రింగు ఫోర్కులో ఉండేది ఉత్త స్ప్రింగే, ఆ ఊపును అదుపు చేసే నూనె గానీ ఇంకో ఏర్పాటు గానీ ఉండదు. గుంతలో పడితే కుంగుతుంది, తర్వాత ఎగురుతుంది. మన రోడ్డు అదుర్లను మింగేది అసలు టైరు. రెండు అంగుళాల వెడల్పు టైరులో గాలి సరిగ్గా ఉంటే, ఆ గాలే మనకు స్ప్రింగు, దానికి బరువూ లేదు, తుప్పూ లేదు. పైగా ఈ సైకిళ్లకు బుడిపెల టైర్లు వస్తాయి. అవి బురదకు, మట్టికి. తారు మీద ఆ బుడిపెలు గుర్రుమని మోగుతూ మన శ్రమను తింటాయి. పొలాల గట్ల మీద తిరగాల్సిన వాళ్లయితే ముందు మాత్రమే స్ప్రింగున్నది తీసుకోండి. వెనక స్ప్రింగుది పెద్దవాళ్లెవరూ కొనొద్దని చేతులు పట్టుకొని చెబుతున్నాను.

మూడోది వంపు చట్రపు సైకిల్. అంగట్లో దీన్ని లేడీస్ సైకిల్ అంటారు. ఆ పేరు వల్ల మగవాళ్లు దాన్ని ముట్టుకోరు, చాలా నష్టపోతున్నారు. నడుము దగ్గర బారు ఉండదు, కాలు ఎత్తకుండా అడుగు వేసినట్టు ఎక్కవచ్చు. హ్యాండిల్ మన వైపు వంగి ఉంటుంది, వెన్ను నిటారుగా నిలుస్తుంది. చైన్ కవరుంటుంది, పంచె గానీ చీర గానీ ప్యాంటు గానీ నూనె అంటదు. ముందు బుట్ట. 26 అంగుళాల చక్రాలు, ఆరు నుంచి తొమ్మిది వేలు. తాతలకూ, మోకాళ్లు నొచ్చే అయ్యలకూ, కొత్తగా మొదలుపెట్టే అమ్మలకూ నా మొదటి ఎంపిక ఇదే. ఈ మధ్య "సిటీ సైకిల్" పేరుతో ముదురు రంగుల్లో మగవాళ్లకు నప్పేవీ వస్తున్నాయి. ఆ చట్రంలో గేరు లేని సాదాది తీసుకున్నా చాలు.

నాలుగోది హైబ్రిడ్. 700సీ చక్రాలు, అంటే పెద్దవి, సన్నవి. టైరు 35 నుంచి 38 మిల్లీమీటర్లు, ఫోర్కు గట్టిది, బరువు పన్నెండు నుంచి పదిహేను కిలోలు. తొక్కితే తేడా మొదటి వంద గజాల్లోనే తెలుస్తుంది, కాలు వేసిన ప్రతిసారీ సైకిల్ ముందుకు జారుతుంది. కృష్ణదేవరాయ యూనివర్సిటీ దాకా దగ్గర దగ్గర పది కిలోమీటర్లు, నా స్నేహితుడి హైబ్రిడ్ మీద పోయినప్పుడు చేరినట్టే తెలియలేదు. ధర పదకొండు నుంచి పద్దెనిమిది వేలు. లోపాలు రెండు. ఒకటి, కొంచెం ముందుకు వంగాలి, మెడ నొప్పి ఉన్నవాళ్లు హ్యాండిల్ ఎత్తు పెంచగల మోడల్ చూసుకోవాలి. రెండు, 700సీ టైరు, ట్యూబు ప్రతి చిన్న అంగట్లో దొరకవు. 26 అంగుళాల ట్యూబు బుక్కరాయసముద్రంలో కూడా దొరుకుతుంది. హైబ్రిడ్ కొన్నవాళ్లు అదే రోజు ఒక ట్యూబు అదనంగా కొని ఇంట్లో పెట్టుకోవాలి.

ఇక ఎలక్ట్రిక్ సైకిల్. మోటారు 250 వాట్లలోపు, వేగం గంటకు 25 కిలోమీటర్లలోపు ఉంటే లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. పాతిక వేల పైన. గుండె, మోకాలు బలహీనంగా ఉండి డాక్టరు కొంచెమే శ్రమ చేయమన్నవాళ్లకు మంచిదే. వ్యాయామమే లక్ష్యమైతే ఆ డబ్బు పెట్టక్కర్లేదు.

గేర్లు కావాలా

అంగట్లో "21 గేర్లు" అని గట్టిగా చెబుతారు. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, మూడేళ్లు ఇరవై ఒకటి. వాటిలో సగం ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, కొన్నింట్లో చైను అడ్డంగా పోయి అరుగుతుంది. మనలాంటివాళ్లకు ముందు ఒకటే, వెనక ఏడు ఉన్నది సరిపోతుంది. మార్చడం సులువు, చెడిపోయేది తక్కువ.

గేరు లేనిది కొన్నా బరువుగా తోస్తే ఒక ఉపాయం ఉంది, నాకు తాతే చేసి చూపించాడు. సాదా సైకిల్లో ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు అనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. ఆ ఫ్రీవీలు తీసేసి 22 పళ్లది వేస్తే రెండు చుట్లే తిరుగుతుంది. వేగం కొంచెం తగ్గుతుంది, కాలికి మాత్రం అయిదో వంతు భారం దిగుతుంది. చైను కొంచెం పొడిగించాలి, అంతే. కొత్త గేర్ల సైకిల్ ధరతో పోలిస్తే అది చిల్లర ఖర్చు. మోకాలి నొప్పితో సైకిల్ మానేద్దామనుకున్న మా పక్కింటాయన ఈ ఒక్క మార్పుతో ఇప్పటికీ తొక్కుతున్నాడు. నెమ్మదిగా బరువుగా తొక్కడం కంటే తేలిగ్గా వడివడిగా తొక్కడమే మోకాలికి మంచిది. నిమిషానికి అరవై చుట్లు తిప్పగలిగితే గేరు సరిగ్గా ఉన్నట్టు.

ఒంటికి కుదరడం

రకం కంటే, బ్రాండు కంటే, గేర్ల కంటే ముఖ్యమైంది ఇదే. దీనికి అంగట్లో ఇచ్చేది మాత్రం అయిదు నిమిషాలు.

మొదట ఒక అపోహ. "26టీ మీ ఎత్తుకు సరిపోతుంది సార్" అంటారు. 26 అనేది చక్రం కొలత. మనిషికి కుదరాల్సింది చట్రం కొలత. ఒకే 26 అంగుళాల చక్రంతో చిన్న చట్రమూ ఉంటుంది, పెద్ద చట్రమూ ఉంటుంది. అయిదడుగుల అయిదు నుంచి ఎనిమిది అంగుళాల మనిషికి 17, 18 అంగుళాల చట్రం చాలామటుకు కుదురుతుంది. పాత నల్ల సైకిళ్లలో 22, 24 అని రెండు చట్రాలు వస్తాయి, 24 బాగా పొడుగువాళ్లకే. బారున్న సైకిల్ అయితే రెండు కాళ్ల మధ్య నిలబెట్టుకొని నేల మీద నిలబడండి. బారుకూ మీకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండి తీరాలి.

తర్వాత సీటు ఎత్తు. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేట్టు అంగడివాళ్లు సీటును కిందికి దించి ఇస్తారు, మనకూ అదే ధైర్యంగా ఉంటుంది. మోకాలి ముందు భాగం నొప్పికి మూలం అక్కడే ఉంది. గోడ పట్టుకొని సీటు మీద కూర్చోండి. మడమను పెడలు మీద పెట్టి పెడలును అడుగుకు దించండి. కాలు నిటారుగా చాపుకోవాలి, తుంటి పక్కకు వాలకూడదు. అదే మీ ఎత్తు. తొక్కేటప్పుడు మడమ బదులు పాదం ముందు భాగం పెడలు మీద పెడతాం కాబట్టి, మోకాలు కొంచెం వంగి సరిగ్గా ఉంటుంది. ఆ ఎత్తులో కాళ్లు నేలకు పూర్తిగా అందవు. ఆగేటప్పుడు సీటు దిగి నిలబడాలి. చాలా ఏండ్ల తర్వాత ఎక్కేవాళ్లు మొదటి పదిహేను రోజులు సీటు కిందనే పెట్టుకోండి, ధైర్యం వచ్చాక వారానికి అర అంగుళం చొప్పున లేపండి.

మా వదినకు ఇదే చేశాం. ఆమెకు నలభై ఆరు, అయిదడుగుల ఒక అంగుళం. వంపు చట్రం కొన్నా నాలుగు రోజులకే "మోకాళ్లు లాగుతాండాయబ్బా, నా వల్ల కాదు" అని గోడకు ఆనించేసింది. నేను పోయి చూస్తే సీటు గొట్టం మొత్తం లోపలికి దిగి ఉంది. మొదటి వారం ఒక అంగుళం లేపాం, రెండో వారం ఇంకో అంగుళం. సీటు ముక్కు పైకి లేచి ఉంటే దాన్ని నేలకు సమంగా దించాం. ఇప్పుడు రైతు బజారుకు స్కూటీ తీయడం లేదు. ముందు బుట్టలో ఆకుకూరలు, వెనక క్యారియరుకు కట్టిన సంచిలో రెండు కిలోల చెనిక్కాయలు.

హ్యాండిల్ గురించి. హ్యాండిల్ కాడ నడినెత్తిన ఒక్క బోల్టు ఉండి, అది వదులు చేస్తే పైకీ కిందికీ జరిగే రకం పాతది, మనకు మంచిది. రెండంగుళాలు లేపుకోవచ్చు, కాడ మీద చెక్కిన గీత మాత్రం బయటికి కనబడకూడదు. కొత్త రకాల్లో కాడ పక్కల బోల్టులతో బిగుసుకొని ఉంటుంది, ఎత్తు అంతగా పెరగదు. మెడ, నడుము నొప్పులున్నవాళ్లు ఈ ఒక్క తేడా చూసి ఎంచుకున్నా తప్పు లేదు.

సీటు విషయంలో చేత్తో ఒత్తి మెత్తగా ఉందని మోసపోవద్దు. బాగా మెత్తటి సీటులో పిరుదు ఎముకలు కూరుకుపోయి, పక్కల కండరాలు రాసుకుంటాయి. నిటారుగా కూర్చునే సైకిల్‌కు వెడల్పుగా, కింద స్ప్రింగులున్న గట్టి సీటు సుఖం. హైబ్రిడ్‌లాంటి వంగే సైకిల్‌కు కొంచెం సన్నది. మొదటి వారం రోజులు ఏ సీటయినా నొస్తుంది. పదో రోజుకూ నొస్తుంటే అప్పుడు మార్చండి.

డబ్బు సంగతి

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. బిల్లులో 5 శాతమే ఉందా అని చూసుకోండి, బిల్లు లేకుండా కొనొద్దు. మీ దగ్గర పన్నెండు వేలుంటే పన్నెండు వేల సైకిల్ కొనొద్దు. పది వేలది కొని మిగిలింది హెల్మెట్టు, ముందు వెలుతురు, వెనక ఎర్ర లైటు, తాళం, పంపు వీటికి పెట్టండి. ఎండకు భయపడి మనం బయల్దేరేది పొద్దున అయిదుకు, ఆ చీకట్లో లారీ వాడికి కనబడాలి. బైపాస్ వైపు, 44వ జాతీయ రహదారి మీదికి పోనే వద్దు.

ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువకు వస్తుంది. కానీ పెట్టెలో విప్పిన సైకిల్ వస్తుంది. బ్రేకులు, హ్యాండిల్, పెడళ్లు ఇంటి దగ్గర బిగించుకోవాలి. ఎడమ పెడలు మర తిరగబడి ఉంటుంది. తెలియక బలంగా తిప్పితే క్రాంకు (పెడలు బిగించే కడ్డీ) మర పోతుంది. దగ్గర్లో చేసిపెట్టే మెకానిక్కు ఉంటేనే ఆ దారి పట్టండి.

పాతది కొనడం మంచి బేరమే. చట్రంలో హ్యాండిల్ దగ్గర అతుకు చోట రంగు పగిలి ఉందేమో చూడండి, అక్కడ పగులుంటే వదిలేయండి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటకమంటే అక్కడి బాల్సు పోయినట్టు, అది చిన్న పనే. రెండు పెడళ్లనూ పట్టి పక్కకు ఊపితే క్రాంకు కదులుతుందా చూడండి. చక్రం గాలిలో తిప్పి బ్రేకు రబ్బరు పక్కనుంచి చూస్తే రిమ్ము బెండు తెలుస్తుంది. టైర్లు, ట్యూబులు, చైను ఎలాగూ మార్చాల్సి వస్తాయని లెక్కేసుకొని బేరమాడండి.

మా బావకు పోయిన నెలే కొన్నాం. వయసు యాభై రెండు, బరువు తొంభై దాటింది, రోజూ ఆర్ట్స్ కాలేజీ చుట్టూ నడిచే అలవాటు. "గేర్లవీ వద్దురా, చెడిపోతాయి" అని మొదట పట్టుబట్టాడు, తర్వాత ఒప్పుకున్నాడు. హైబ్రిడ్ తొక్కించాను, సన్న టైరు చూసి భయపడ్డాడు. చివరికి వంపు చట్రం కాకుండా, బారు కొంచెం వాలుగా ఉండి, గట్టి ఫోర్కు, వెనక ఏడు గేర్లున్న 26 అంగుళాలది దొరికింది. బుడిపెల టైర్లు తీసేయించి, నున్నటి రెండంగుళాల టైర్లు వేయించాం. చక్రానికి 36 పుల్లలున్నాయా అని ఆ మనిషి బరువు గుర్తుపెట్టుకొని లెక్కబెట్టి మరీ చూశాను. అన్నీ కలిపి పదకొండు వేలు చిల్లర అయింది.

కొన్న నెలకు మళ్లీ మెకానిక్కు దగ్గరికి తీసుకుపోవాలి, కొత్త సైకిల్‌కు ఇది తప్పదు. తీగలు సాగుతాయి, పుల్లలు వదులవుతాయి, గేర్లు ఒకదానికొకటి కుదరక చప్పుడు చేస్తాయి. బావ సైకిల్‌ను పోయిన ఆదివారం తాత దగ్గరికి తీసుకుపోయాం. ఆయన వెనక చక్రం తిప్పి, పుల్లలను రెండేసి రెండేసి వేళ్ల మధ్య నొక్కుకుంటూ పోయి, మూడింటిని బిగించాడు. టైరు లోపల ఓసారి తడిమి, పల్లేరు మొన ఒకటి తీసి తట్ట అంచు మీద పెట్టాడు.